సువార్త నమ్మకుండా చనిపోయినవాళ్ళకు రక్షణ ఉందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలు, కందుకూరు, కావలి వైపు సంఘాల్లో యవ్వనస్థులకు బైబిల్ క్లాసు చెప్పే ఎవరినడిగినా, ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇదేనంటారు. అడిగేవాళ్ళకు ఇది సొంత ఇంటి విషయం. తాతయ్య ఏనాడూ మందిరం గడప తొక్కలేదు, మనవరాలేమో బాప్తిస్మం తీసుకుంది. కూటాల్లో ప్రసంగీకుడు నరకం గురించి గట్టిగా చెప్పిన రాత్రి ఆ పిల్లకు నిద్ర పట్టదు. అలాంటివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నేను బాప్టిస్టు సంఘంలో పెరిగిన విశ్వాసిని. బైబిలు దేవుని వాక్యమని నమ్మే రాస్తున్నాను.

సూటిగా చెప్పండి. సువార్తను నమ్మకుండా రక్షణ సాధ్యమా?

రక్షించేవాడు యేసుక్రీస్తు ఒక్కడే. "నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు" అని ఆయనే అన్నాడు (యోహాను 14:6). ఆకాశం కింద మరే నామం వల్లా రక్షణ లేదని పేతురు యెరూషలేము పెద్దల ముఖం మీదే చెప్పాడు (అపొ. కార్యములు 4:12). ఈ మాటలను పలచన చేసి మాట్లాడితే వినేవాళ్ళకు హాయిగా ఉంటుంది కానీ అది నిజాయితీ అనిపించుకోదు. సువార్త విని, అర్థం చేసుకుని, వద్దని తోసేసిన మనిషికి ఇంకో దారి ఉందని బైబిల్లో ఎక్కడా లేదు.

అసలు వినే అవకాశమే రాని మనిషి సంగతి వేరు. ఆ మనిషి రక్షణ పొందితే అది కూడా క్రీస్తు సిలువ వల్లనే. అయితే ఆ సిలువ ఫలం ఎవరెవరికి, ఏ విధంగా చేరుతుందో మనకు పూర్తిగా చెప్పలేదు. అందుకే ఫలానా ఆయన నరకంలో ఉన్నాడని పేరు పెట్టి చెప్పే అధికారం పాస్టర్ గారికి లేదు, నాకు లేదు, మీకూ లేదు. కింద చెప్పేదంతా ఈ మాటకు వివరణే.

మన జిల్లాకు సువార్త రాకముందే చనిపోయిన మా పూర్వీకుల సంగతేంటి?

బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే దొర నెల్లూరు వచ్చింది 1840లో. అదే మిషన్‌కు చెందిన క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంతకుముందు కనిగిరి దగ్గరో, పొదిలి దగ్గరో పుట్టి చనిపోయిన ఒక రైతుకూలీ యేసు అనే పేరు వినకపోతే, అందులో ఆయన తప్పేముంది?

పౌలు రోమా పత్రికలో ఈ విషయం ముట్టుకున్నాడు. సృష్టిని చూస్తే దేవుడున్నాడని ఎవరికైనా తెలుస్తుందని మొదటి అధ్యాయంలో అంటాడు. ధర్మశాస్త్రం లేనివాళ్ళకు కూడా మనస్సాక్షి సాక్ష్యమిస్తుందని రెండో అధ్యాయంలో అంటాడు. ఈ వచనాలు చూపించి "చూశారా, మంచిగా బతికితే చాలు" అనేవాళ్ళున్నారు. పౌలు అక్కడ ఆగలేదు. మూడో అధ్యాయానికి వచ్చేసరికి యూదుడైనా గ్రీసుదేశస్థుడైనా అందరూ పాపం చేశారని తేల్చేశాడు. కాబట్టి మా తాత మంచివాడన్న ఆధారం మీద ఆశ పెట్టుకుంటే ఆ ఆధారం నిలబడదు.

మరి ఆశ దేని మీద? తీర్పు తీర్చేవాడి మీద. దేవుడు నాశనం చేయబోతున్న సొదొమ పట్టణం విషయంలో అబ్రాహాము దేవుణ్ణి నిలదీసినట్టే అడిగాడు: "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" (ఆదికాండము 18:25). ఎక్కువ తెలిసినవాణ్ణి ఎక్కువగా, తక్కువ తెలిసినవాణ్ణి తక్కువగా లెక్క అడుగుతారని ప్రభువే చెప్పాడు (లూకా 12:47-48). ఏథెన్సు వాళ్ళతో పౌలు ఆ అజ్ఞానకాలాలను దేవుడు చూసీ చూడనట్టు ఉన్నాడన్నాడు, ఆ వెంటనే ఇప్పుడు మారుమనస్సు పొందమని కూడా అన్నాడు (అపొ. కార్యములు 17:30). వినని కారణానికి దేవుడు ఎవరినీ శిక్షించడు. శిక్షించేది చేసిన పాపానికి. క్షమిస్తే తన కుమారుడి రక్తం ఆధారంగా క్షమిస్తాడు. మా ముత్తాతల విషయంలో ఆయన ఏం చేశాడో తెలియదు కానీ, ఏం చేసినా అన్యాయం మాత్రం చేయలేదు.

అబ్రాహాముకు యేసు ఎవరో తెలియదు కదా? ఆయన ఎలా రక్షణ పొందాడు?

దేవుణ్ణి నమ్మాడు, అది నీతిగా ఎంచబడింది. పేరు తెలియకపోయినా ఆయన పాపానికి పరిహారం జరిగింది కల్వరిలోనే. సిలువ వెనక్కి కూడా పనిచేసిందని రోమా 3:25 చెబుతోంది. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయంలోని విశ్వాసుల వరసలో యెరికో వేశ్య రాహాబు కూడా ఉంది. ఇశ్రాయేలుకు బయటి మనిషే అయిన మెల్కీసెదెకు సర్వోన్నతుడైన దేవుని యాజకుడిగా వచ్చి అబ్రాహామునే ఆశీర్వదించాడు.

దీన్నిబట్టి కొందరు, సువార్త అందని మనిషి తనకు తెలిసిన మేరకు సృష్టికర్తను ఆశ్రయిస్తే అబ్రాహాములాగే అతనికీ దేవుడు దాన్ని నీతిగా లెక్క కడతాడని అంటారు. ఒప్పుకోనివాళ్ళ మాట ఏంటంటే, అబ్రాహాముతో దేవుడు నేరుగా మాట్లాడాడు, వాగ్దానం ఇచ్చాడు, మన పూర్వీకులకు అలాంటి వాగ్దానం ఎక్కడ వచ్చింది అని. రెండో వాదనకే వాక్యబలం ఎక్కువని నాకు అనిపిస్తుంది. మొదటిది తప్పని తేల్చి చెప్పే వచనం మాత్రం నాకు కనబడలేదు.

బోధకుడు రాకముందే దేవుడు ఒకరి మనసులో పనిచేస్తాడా?

చేస్తాడు. దీనికి బైబిల్లో రోమా శతాధిపతి కొర్నేలీ ఉన్నాడు, మన జిల్లాలో ఎర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు.

పేరయ్య మాదిగ కుటుంబంలో పుట్టాడు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. సువార్త వినకముందే దేవుణ్ణి తెలుసుకోవాలన్న తపనతో గురువు దగ్గర చేరి యోగం నేర్చుకున్నాడు. తర్వాత వ్యాపారం పని మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీ నోట యేసు గురించి విన్నాడు. ఒంగోలు మిషన్ తొలి రోజుల్లోనే బాప్తిస్మం తీసుకుని పల్లె పల్లెకూ తిరిగి తనవాళ్ళకు చెప్పాడు. ఆ తర్వాత ఒంగోలు చుట్టూ వేలమంది నమ్మారంటే దొరలు చేసిన పని ఎంతో, పేరయ్యలాంటివాళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది కూడా అంతే. మన సంఘ చరిత్ర చెప్పేటప్పుడు దొరల పేర్లే ముందు చెప్పి ఈయన పేరు చివర్లో చెప్పడం నాకు బాధగా ఉంటుంది.

విన్నదాకా పేరయ్య చేసిన వెతుకులాట దేవుడు లేకుండా జరిగిందా? నేను అలా అనుకోలేను. కొర్నేలీ ప్రార్థనలు, ధర్మకార్యాలు దేవుని సన్నిధికి జ్ఞాపకార్థంగా చేరాయని దూతే చెప్పాడు. అయితే అదే దూత, నీ ప్రార్థనలు చాలు, ఇంట్లోనే ఉండు అనలేదు. యొప్పేకు మనుషుల్ని పంపి పేతురును పిలిపించుకో, అతను చెప్పే మాటల వల్ల నువ్వూ నీ ఇంటివాళ్ళూ రక్షణ పొందుతారు అన్నాడు (అపొ. కార్యములు 11:13-14). వెతికేవాళ్ళకు దేవుడు దారి దగ్గర చేస్తాడు. వెతకడమే రక్షణ అని చెప్పడానికి ఈ కథ ఒప్పుకోదు.

1876-78 నాటి కరువులో బాప్తిస్మం అందకుండా చనిపోయినవాళ్ళు?

ఈ ప్రశ్న ఒక కుర్రాడు అడిగాడు. మన ప్రాంతం చరిత్ర తెలిసినవాళ్ళకే వచ్చే ప్రశ్న.

1876 నుంచి 78 దాకా కరువు మన పల్లెల్ని ఊడ్చేసింది. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని ఇచ్చాడు. మట్టి తవ్వి మోసేవాళ్ళు కాస్త కూర్చున్నప్పుడు బోధకులు సువార్త చెప్పేవాళ్ళు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడిగారు. కూటి కోసం వస్తున్నారేమోనన్న భయంతో ఆయన కరువు తగ్గేదాకా ఇవ్వలేదు. ఏడాదికి పైగా అలా ఆపి, సాయం పంచడం అయిపోయాక మొదలుపెట్టాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి, అలిసిపోతే మార్చుకుంటూ ఆ పని చేశారు.

ఆ ఎదురుచూపులో, కాలువ గట్టు మీద సువార్త నమ్మి, గుండ్లకమ్మ దాకా రాకుండానే ప్రాణం విడిచినవాళ్ళుంటే? వాళ్ళ గురించి నాకు ఏ సందేహమూ లేదు. పక్కన సిలువ మీదున్న దొంగకు బాప్తిస్మం ఎవరిచ్చారు? "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు ప్రభువు (లూకా 23:43). బాప్తిస్మం ఆజ్ఞ, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ రక్షించేది క్రీస్తు. నీళ్ళు దొరకనంత మాత్రాన ఆయన చేతులు కట్టుబడవు.

నమ్మింది కానీ ఇంట్లోవాళ్ళకు భయపడి బాప్తిస్మం తీసుకోలేదు. రక్షణ ఉన్నట్టా?

పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్ళే ఒక పెద్దావిడను నేను ఎరుగుదును. ఆదివారం ఆరాధన మొదలయ్యాక వచ్చి, చెప్పుల దగ్గర చాప చివర కూర్చునేది. నుదుట బొట్టు ఉండేది. ముగింపు ప్రార్థన అవుతుండగానే లేచి వెళ్ళిపోయేది, కొడుకులు పొలం నుంచి వచ్చేలోపు ఇంట్లో ఉండాలి కాబట్టి. చదువు రాదు. పాటలన్నీ నోటికొచ్చు. ఆమె పోయినప్పుడు కొడుకులు తమ పద్ధతి ప్రకారం దహనం చేశారు. సంఘంలో కొందరు "బాప్తిస్మం లేదు, మనకేం సంబంధం" అని వెళ్ళలేదు. ఆమె పక్కన కూర్చునే ఆడవాళ్ళు మాత్రం వెళ్ళి, వీధిలో నిలబడి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి వచ్చారు. సరైన పని చేసింది ఆ ఆడవాళ్ళే అని నేను గట్టిగా అంటాను.

అరిమతయియ యోసేపు యూదులకు భయపడి రహస్యంగా శిష్యుడిగా ఉన్నాడని యోహాను రాశాడు (19:38). శిష్యుడనే రాశాడు. సిరియా సేనాని నయమాను, మా రాజు నా చేతి మీద ఆనుకుని రిమ్మోను అనే దేవత గుడిలో మొక్కితే నేనూ వంగాలి, దీన్ని దేవుడు క్షమిస్తాడా అని అడిగితే ప్రవక్త ఎలీషా సమాధానంతో వెళ్ళమన్నాడు (2 రాజులు 5:18-19). అదే సమయంలో మనుషుల ఎదుట నన్ను ఎరగననేవాణ్ణి నేనూ ఎరగనంటానని ప్రభువు అన్న మాట కూడా ఉంది. భయపడేవాళ్ళకు ధైర్యం చెప్పాలి, దారి చూపాలి. వాళ్ళ పేరు కొట్టేసే పని మనకు ఇవ్వలేదు.

కాస్ట్ సర్టిఫికెట్‌లో హిందువు అనే ఉంది. మరి నేను?

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో వాళ్ళను బీసీ-సి కింద లెక్కేస్తారు. బాప్తిస్మంతో ఊళ్ళో కులం పోదు, హోదా మాత్రం పోతుంది. ఇది అన్యాయమని నా అభిప్రాయం, దాన్ని దాచుకోను. పిల్లల చదువు కోసం పాత కాగితమే ఉంచుకున్న కుటుంబాలు ఎంత నలిగిపోతున్నాయో దగ్గరగా చూస్తున్నాను. అబద్ధం చెబుతున్నామన్న బాధ మనసులో ఉంటే ప్రభువు ముందు పెట్టండి, నమ్మకమున్న పెద్దవాళ్ళతో మాట్లాడండి. మీ రక్షణ మాత్రం తహసీల్దార్ సంతకంతో రాదు, పోదు.

మా పక్కింటాయన నమ్మకపోయినా ధర్మాత్ముడు. మా సంఘపెద్ద అధిక వడ్డీలు పిండుతాడు. వీళ్ళలో ఎవరికి రక్షణ?

పక్కింటాయన ధర్మం దేవుడికి నచ్చదని చెప్పను, అది అబద్ధమవుతుంది. ఏ మంచైనా దేవుడి దగ్గర నుంచి వచ్చిందే. అయితే ఎంత మంచివాడైనా దేవుడి ముందు తన లెక్క తాను తీర్చుకోలేడు. సువార్త చెప్పేది అదే, అందరికీ ఒకే మాట చెబుతుంది.

ఇక సంఘపెద్ద గురించి. "ప్రభువా, ప్రభువా" అని పిలిచే ప్రతివాడూ పరలోకరాజ్యంలో ప్రవేశించడని మత్తయి 7:21లో ఉంది. ప్రభువు భయంకరంగా హెచ్చరించింది ఎక్కువసార్లు మతం బాగా తెలిసినవాళ్ళనే. తూర్పు నుంచి, పడమర నుంచి అనేకులు వచ్చి అబ్రాహాముతో కూర్చుంటారు, రాజ్య సంబంధులు బయటికి తోసివేయబడతారు అన్నాడు (మత్తయి 8:11-12). ఈ ప్రశ్నను బయటివాళ్ళ గురించే అడుగుతూ పోతే ఈ వచనాలు మన కంటికి ఆనవు. రిజిస్టర్లో పేరుండి, ప్రభురాత్రి భోజనం తీసుకుంటూ, బీదవాడి నోటి కాడ కూడు లాక్కునేవాడు ముందు తన సంగతి చూసుకోవాలి.

పసిబిడ్డలు?

దేవుడి దగ్గర భద్రంగా ఉన్నారు. దావీదు తన బిడ్డ చనిపోయినప్పుడు నేనే వాడి దగ్గరికి వెళ్తాను అన్నాడు (2 సమూయేలు 12:23). బుద్ధి ఎదగని పెద్దవాళ్ళ విషయంలోనూ నేను ఇదే నమ్ముతాను. ఈ విషయంలో ఏ తల్లినీ భయపెట్టకండి.

ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళు వేరేగా చెబుతారటగా?

ఒకప్పుడు వాళ్ళే మనకంటే కఠినంగా చెప్పారు. సంఘం బయట రక్షణ లేదన్న మాట మూడో శతాబ్దంలో కార్తేజి బిషప్ సిప్రియను నాటిది. 1442లో ఫ్లోరెన్సు మహాసభ దాన్ని ఇంకా గట్టిగా రాసింది. రెండవ వాటికన్ మహాసభ 1964లో, తమ తప్పు లేకుండా క్రీస్తును ఎరగనివాళ్ళు నిజమైన మనసుతో దేవుణ్ణి వెతికి, మనస్సాక్షి చెప్పినట్టు ఆయన చిత్తం చేయడానికి కృప సాయంతో ప్రయత్నిస్తే నిత్యరక్షణ పొందగలరని ప్రకటించింది. ఆ వాక్యంలో కృప అన్న మాట ఉందని గమనించండి. ఏ మతమైనా ఒకటేనని వాళ్ళు అనలేదు.

గూడూరు, సూళ్ళూరుపేట వైపు లూథరన్లు, మన బాప్టిస్టులు, పెంతెకొస్తు సంఘాలవాళ్ళు విశ్వాసం ద్వారానే రక్షణ అంటారు. వినని వాళ్ళ విషయానికి వస్తే మనలో కొందరు నశించారనే తేలుస్తారు, కొందరు దేవుడికి వదిలేస్తారు. నేను రెండో గుంపులో ఉన్నాను. చివరికి అందరూ రక్షణ పొందుతారనే బోధ కూడా పాతకాలం నుంచీ ఉంది. అలా జరగాలని నాకూ మనసులో ఉంటుంది, కానీ ప్రభువు చెప్పిన ఇరుకు ద్వారాన్ని చెరిపేసి ఆ బోధను ఒప్పుకోలేను.

చనిపోయాక ఇంకో అవకాశం ఉంటుందా?

1 పేతురు 3:19లో చెరలో ఉన్న ఆత్మలకు క్రీస్తు ప్రకటించాడని ఉంది. ఆ వచనం అర్థం గురించి పండితులే ఏకాభిప్రాయానికి రాలేదు. మనుషులు ఒక్కసారే చనిపోతారు, ఆ తర్వాత తీర్పు అని హెబ్రీ 9:27 చెబుతోంది. ధనవంతుడు, లాజరు ఉపమానంలో మధ్య అగాధం ఉంది. తర్వాత చూసుకుందాంలే అని బతకడానికి ఆధారమైతే దొరకదు.

విననివాళ్ళను దేవుడు కనికరిస్తాడేమో అంటున్నారు. అప్పుడు చెప్పకుండా ఉండడమే మేలు కదా?

తెలివైన ప్రశ్న. కానీ సువార్త అంటే నరకం తప్పించుకునే చిట్కా అనుకుంటేనే ఈ ప్రశ్న పుడుతుంది. పేరయ్య కాలంలో మాదిగ పల్లెలకు ఈ మాట వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. బావి దగ్గరికి రానివ్వని మనుషులు, దేవుడు తమను కొడుకులుగా, కూతుళ్ళుగా పిలిచాడని విన్నారు. పిల్లలు బడికెళ్ళారు. క్షమాపణ దొరికిందన్న నిశ్చయంతో చనిపోయారు. దేవుడు కనికరిస్తాడేమో అనుకుంటూ చీకట్లో తడుముకునే మనిషికీ, ఆయన క్షమించాడని తెలిసి బతికే మనిషికీ చాలా తేడా ఉంది.

ఇంకొకటి, ఆజ్ఞ ఉంది. "ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?" (రోమా 10:14). విననివాళ్ళ మీద దేవుడి కనికరం ఎంతో నాకు చెప్పలేదు, వాళ్ళకు వినిపించమని మాత్రం చెప్పాడు.

హిందూ బంధువుల ఇంట్లో చావుకు వెళ్ళినప్పుడు ఏం మాట్లాడాలి?

తక్కువ మాట్లాడాలి. పాడె మోయడానికి మనిషి తక్కువైతే భుజం పట్టాలి. వండి తీసుకెళ్ళాలి. పిల్లల్ని మన ఇంటికి తెచ్చుకుని పడుకోబెట్టాలి. శవం ముందు నిలబడి పోయిన మనిషి ఎక్కడికి వెళ్ళాడో ప్రసంగం చేయడం ప్రేమా కాదు, సువార్తా కాదు. అలా చేసినందుకు సువార్త మాటే విననని ఒట్టు పెట్టుకున్న ఇళ్ళున్నాయి. ఎవరైనా నేరుగా "మా నాన్న ఎక్కడున్నాడంటావు?" అని అడిగితే, ఆయన న్యాయం తప్పని దేవుడి చేతిలో ఉన్నాడు, ఆ దేవుడు యేసులో ఎంత ప్రేమ చూపించాడో నాకు తెలుసు అని చెప్పండి. అందులో అబద్ధం లేదు, క్రూరత్వం లేదు.

అమ్మ ఇంకా నమ్మలేదు. వయసు మీద పడుతోంది. నాకు రోజూ టెన్షన్‌గా ఉంటోంది.

ఆ బాధ తప్పు కాదు. తనవాళ్ళ కోసం నేను క్రీస్తు నుంచి వేరైపోయినా సరే అనుకునేంత వేదన పౌలు పడ్డాడు (రోమా 9:2-3). అలాంటి మనిషిని విశ్వాసం లేనివాడని ఎవరూ అనరు.

ఆ టెన్షన్‌తో అమ్మను రోజూ సతాయించకండి. "రక్షణపొందువారు కొద్దిమందేనా?" అని ఒకడు అడిగితే ప్రభువు లెక్క చెప్పలేదు, మీరు ప్రవేశించడానికి పోరాడండి అన్నాడు (లూకా 13:23-24). అమ్మకు ఒకసారి స్పష్టంగా, ప్రేమగా, మీ సొంత మాటల్లో చెప్పండి: యేసు నాకు ఏం చేశాడు, నువ్వు కూడా ఆయన్ని నమ్మాలని నాకెందుకంత కోరిక. ఆ తర్వాత ఆమె మందులు టైముకు ఇవ్వండి. మోకాళ్ళ నొప్పికి నూనె రాయండి. ఆమె పూజ చేసుకునేటప్పుడు మొహం ముడుచుకోకండి. అడిగినప్పుడు మళ్ళీ చెప్పండి, వింటానంటే కీర్తనల గ్రంథం చదివి వినిపించండి. పక్కన కూర్చుని ప్రార్థన చేయనా అని అడగండి. వద్దంటే మీ గదిలో చేసుకోండి. చాలామంది అమ్మలు వద్దనరు.